గన్‌ఫౌండ్రీలో ఒక గడప

హైదరాబాదు నగరమున ఆబిడ్సునుండి బషీర్‌బాగునకు పోవు దారిలో గన్‌ఫౌండ్రీ అను పేట యొకటి కలదు. ఉర్దూలో దానిని ‘తోప్ కా సాంచా’ అందురు. ఫిరంగి మూస యని అర్థము. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను కొలువులో సేనానిగా నుండిన రేమాన్ అను ఫ్రెంచి దొర 1786లో ఇచ్చట కొలిమి పెట్టించి ఫిరంగులు పోతపోయించెను. 1798లో ఆ దొర మరణించెను. కొలిమియు ఏనాడో చల్లారినది. పేరు మాత్రము మిగిలినది. ఆ పేటలో నేడు సెయింట్ జోసెఫ్ కెథడ్రలు గోపురములు, మహబూబియా బాలికల పాఠశాల, 2017లో భారతీయ స్టేటుబ్యాంకున విలీనమైన హైదరాబాదు స్టేటుబ్యాంకు పాత కార్యాలయము బాటసారికి కనిపించును. ప్రక్కనే ఆబిడ్సు అంగళ్లు, పెద్ద తపాలా కచ్చేరి. ఇంకను ముందునకు పోయిన నాంపల్లి రైలుస్టేషను.

సాయంకాలమున నగరములో నడచువానికి మద్యశాల కనుగొనుటకు ఎవరి సాయమును అక్కరలేదు. రంగు దీపముల పలకలే చేయి చాచి పిలుచును. తాగుడు మానదలచినవాడు వెదుకవలసిన గడప వేరు. దానిపై దీపముల పలక లేదు. అది ఏ బడిలోని గదియో, ఏ చర్చి ప్రక్కనున్న హాలో అయి యుండును. వారమునకు కొన్ని సాయంకాలములు మాత్రమే, ఒక గంటయో గంటన్నరయో, దాని తలుపు తెరచి యుండును. లోపల పది పదిహేను కుర్చీలు, ఒక బల్ల, టీ గ్లాసులు. ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ అను సంఘము వారు, అనగా తమ పేరు బయటపెట్టని మద్యవ్యసనపీడితులు, ఇట్టి గదులలో కూడుకొందురు. హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో ఈ సంఘపు కూటములు జరుగుచున్నవి. బడులకును చర్చిలకును నెలవైన గన్‌ఫౌండ్రీ వంటి పేటలు ఇట్టి కూటములకు మిక్కిలి అనువైనవి.

ఆ గడపను కనుగొనుట యెట్లు? దానిని దాటుట అంత కష్టమేల? దాటినవానికి లోపల దొరకునది ఏమి?

గడప వెదకువాడు

ఒక గుమాస్తాను ఊహించుకొందము. వయస్సు నలుబదికి పైబడినది. పనిలో నేర్పరి, మాటలో మర్యాదస్తుడు. మొదట జీతమునాడు మిత్రులతో కూడి ఒక పెగ్గు పుచ్చుకొనుచుండెను. పిదప ప్రతి శనివారము. ఆపైని ప్రతి సాయంకాలము. ఇప్పుడు తెల్లవారిన వెంటనే చేతులు వణకును. క్వార్టరు సీసాలో కొంత గొంతులో పడినగాని ఆఫీసులో సంతకము కుదురదు. తిరుపతి వేంకటేశ్వరునిపై ఒట్టు పెట్టుకొనెను. బిడ్డ తలపై చేయి పెట్టి ప్రమాణము చేసెను. ఆ ప్రమాణములు చేసిన క్షణమున అతడు అబద్ధమాడలేదు. ఈ వ్యసనమందలి విషాదమంతయు అచ్చటనే యున్నది. ఉదయమున ప్రమాణము చేసినవాడొకడు, సాయంకాలమున దుకాణము ఎదుట నిలిచినవాడు మరియొకడు. ఇద్దరును ఒకే చొక్కా తొడుగుకొని తిరుగుదురు.

ఇట్టివారు ఎందరు? 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము 10 మొదలు 75 సంవత్సరముల వయస్సుగల భారతీయులలో సుమారు 16 కోట్ల మంది మద్యము సేవించువారు. వారిలో 5 కోట్ల 70 లక్షల మంది తాగుడువలని కీడునకు లోనై ఇతరుల సాయము కావలసిన స్థితిలో నున్నారు. అయినను, మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో ఏదేని చికిత్స పొందినవాడు 38 మందికి ఒక్కడు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. తక్కిన 37 మంది ఎక్కడ నున్నారు? ఎక్కడికిని పోలేదు. ఇండ్లలోనే యున్నారు. పరువు అను తెర వారిని కప్పి యుంచినది.

మన గుమాస్తాకు దారి చూపుటకు ఉపాయములు లేకపోలేదు. మత్తుపదార్థముల బాధితులకై కేంద్రప్రభుత్వము నడుపు 14446 అను ఉచిత దూరవాణి కలదు. మనోవ్యాధులకై 2022లో ఆరంభమైన ‘టెలి మానస్’ వారి సంఖ్య 14416. అందు తెలుగునను మాటలాడవచ్చును. ప్రభుత్వాసుపత్రులలోని మానసిక వైద్యుల కడకును పోవచ్చును. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారు తమ కూటములు జరుగు స్థలములను, వేళలను, భాషలను పట్టికలుగా ప్రకటించుచుందురు. సెల్‌ఫోనులో వెదకిన ఆ పట్టిక దొరకును. వేళలును గదులును మారుచుండుట కద్దు గనుక బయలుదేరుటకు ముందు ఒకసారి పలుకరించి తెలిసికొనుట మేలు.

ఈ పలుకరింపే మొదటి గండము. ఫోను చేసిన క్రొత్తవాడు తన సంగతి చెప్పడు.

“మావాడొకడున్నాడండీ. కొంచెం ఎక్కువగా పుచ్చుకుంటున్నాడు. వాడికోసం అడుగుతున్నాను.”

“అలాగేనండీ. మీవాణ్ణి మీరే వెంటబెట్టుకు రండి. మీరిద్దరూ ఒకే కుర్చీలో కూర్చోవచ్చు.”

అవతలివాడు నవ్వును. ఇవతలివాడు కొంతసేపు మౌనము వహించి, పిదప తానును నవ్వును. బహుదినములకు వచ్చిన నవ్వది. అవతలివాడును ఒకనాడు ‘మావాడొకడు’ అని పలికినవాడే గనుక ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదని ఇవతలివానికి తెలిసిపోవును.

ఇక ఆబిడ్సునకు పోవలెను. ఆదివారము అయినచో సాకు దొరకును. ఆనాడు అంగళ్లు మూసియుండగా కాలిబాటలపై పాతపుస్తకములు పరచి అమ్ముట ఆబిడ్సులో వాడుక. పుస్తకములకు పోవుచున్నానన్నచో ఇంటిలోగాని వీథిలోగాని ఎవరును మారు ప్రశ్న వేయరు. అతడు బస్సు దిగి, పుస్తకముల రాశులు దాటి, చెప్పిన వీథిని చేరును. చెప్పిన గేటు కనబడును. దానిని దాటి ముందునకు పోవును. వీథి చివర నిలిచి వెనుదిరిగి మరల గేటు దాటిపోవును. ఎవరైన తెలిసినవారు చూచిరేమో! లోపల తెలిసినవారు ఉన్నారేమో! మద్యశాల గడప దాటునపుడు ఎన్నడును కలుగని సిగ్గు దానిని విడుచుటకై పోవుచుండగా కలుగును. ఇది చిత్రమే గాని సత్యము.

ఇంటిపేరు లేని చోటు

మనదేశమున మనుష్యునికంటె ముందు అతని ఇంటిపేరు నడచును. “ఎవరి తాలూకు?” అను ప్రశ్నకు సమాధానము వచ్చినగాని పరిచయము పూర్తి కాదు. తాగుబోతు అను మాట ఒకని కంటుకొన్నచో అది అతనితో ఆగదు. కూతురి పెండ్లిమాటలలో వినబడును. కుమారుని బడిలో వినబడును. కావుననే ఇంటిల్లిపాదియు కలిసి దాచుదురు. భార్య ఆఫీసునకు ఫోను చేసి జ్వరమని చెప్పును. తల్లి పొరుగువారితో వాతమని చెప్పును. దాచినకొలదిని వ్యాధి పెరుగును; పెరిగినకొలదిని మరింత దాచవలసివచ్చును.

ఈ ముడిని విప్పుటకే ఆ సంఘము పేరును గడప బయట విడువుమన్నది. అచ్చట చేరుటకు దరఖాస్తు లేదు, చందా లేదు, హాజరుపట్టీ లేదు. తాగుడు మానవలెనను కోరిక యొక్కటియే అర్హత. పిలుచుటకు ఒక పేరు చాలును. ఇంటిపేరు, కులము, ఉద్యోగము, జీతము అడుగరు. అచ్చట విన్నమాట, అచ్చట చూచిన ముఖము గడప దాటి బయటికి పోరాదనుట వారి నియమము. ఖర్చులకై చివర ఒక సంచి త్రిప్పుదురు. ఇచ్చినవాడు ఇచ్చును, లేనివాడు ప్రక్కవానికి అందించును. బయటివారి విరాళములను సంఘము స్వీకరింపదు. పేరు దాచుట పిరికితనము కాదా యని కొందరు అడుగవచ్చును. కాని ఇంటిలో చేయు దాపరికము వ్యాధిని కాపాడును. ఇచ్చటి గోప్యత రోగిని కాపాడును. భేదము అందే యున్నది. పైగా పేరు లేనిచోట జడ్జియు జట్కావాడును ఒకే వరుసలో కూర్చుందురు.

ఆక్రన్ పట్టణమున ఒక సాయంకాలము

ఈ పద్ధతి ఏ పండితుని గ్రంథమునుండియు పుట్టలేదు. ఒకడు తన్నుతాను కాపాడుకొనబోయి కనుగొన్నది. అమెరికాలో న్యూయార్కు నగరమున బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి యుండెను. తాగుడుచే సర్వము పోగొట్టుకొని, 1934 డిసెంబరులో ఆసుపత్రిలో చేరి మానుకొనెను. అయిదు నెలలకు వ్యాపారపు పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. పని చెడినది. చేతిలో డబ్బు లేదు, ఊరు క్రొత్తది, హోటలు నడవలో ఒంటరిగా నిలిచెను. ఒకవైపు మద్యశాల. లోపల నవ్వులు వినబడుచున్నవి. మరియొకవైపు దూరవాణియు చర్చిల పట్టికయు.

ఆ నిమిషమున అతనికి ఒక సంగతి తట్టినది. గడచిన నెలలలో తాను ఎందరో తాగుబోతులను మార్చ ప్రయత్నించెను. ఒక్కడును మారలేదు. కాని ఆ ప్రయత్నము చేసినంతకాలము తాను మాత్రము తాగలేదు! ఇపుడును తాను నిలువవలెనన్నచో మాటలాడుటకు మరియొక తాగుబోతు కావలెను. పట్టికలోని మతాచార్యులకు ఫోను చేయగా చేయగా తుదకు ఒక దయామయి ఇంటిలో బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యునితో సమావేశము కుదిరినది. అది 1935 మే 12, ఆదివారము. వైద్యుడు భార్య బలవంతముచే వచ్చెను. పదిహేను నిమిషములకంటె కూర్చుండనని ముందే చెప్పెను. తన వ్యాధిని గూర్చి వైద్యగ్రంథములలో నున్నదంతయు ఆయనకు తెలియును. క్రొత్తవాడు ఉపదేశించుటకు ఏమున్నది?

విల్సన్ ఉపదేశింపలేదు. తన కథ చెప్పుకొనెను. తాను దాచిన సీసాలను గూర్చి, తప్పిన ఒట్లను గూర్చి, భార్య ముఖమును గూర్చి చెప్పెను. పదిహేను నిమిషములు ఆరు గంటలైనవి. తన వ్యాధిని అనుభవముచే ఎరిగి, తనతో సమానముగా మాటలాడిన మొదటి మనుష్యుడు అతడేయని ఆ వైద్యునకు తోచినది. అయినను అద్భుతము ఆనాడే జరుగలేదు. కొన్ని వారములకు వైద్యుడు ఒక మహాసభకు పోయి మరల తాగి వచ్చెను. ఆ సంవత్సరము జూన్ 10న చివరిసారి పుచ్చుకొని, పిదప 1950లో మరణించువరకును ముట్టలేదు. ఆ జూన్ 10వ తేదీనే సంఘము తన జన్మదినముగా లెక్కించును. ఆ నెలాఖరులోనే ఇద్దరును కలిసి ఆసుపత్రి మంచముపైనున్న మూడవవాని కడకు పోయిరి. ఇద్దరు ముగ్గురైరి. 1939లో వారి అనుభవములు గ్రంథముగా వెలువడినవి. ఆ గ్రంథపు పేరే సంఘమునకు పేరైనది. భారతదేశమున 1957లో బొంబాయిలో ఇది వేరూనినది. నేడు సుమారు 180 దేశములలో ఇరువది లక్షలకు పైగా సభ్యులున్నారని సంఘము అంచనా.

ఈ కథలోని కీలకము ఒక్కటియే. చెప్పినవాడు విన్నవానిని ఉద్ధరించుటకు చెప్పలేదు. తాను మునుగకుండుటకు చెప్పెను. కావుననే వినువానికి అవమానము కలుగలేదు. తండ్రి మందలింపు, భార్య కన్నీరు, అధికారి హెచ్చరిక, పురాణకాలక్షేపము ఇవన్నియు పైనుండి క్రిందికి వచ్చు మాటలు. ఇది ప్రక్కనుండి వచ్చిన మాట.

గది లోపల

మన గుమాస్తా మూడవసారి గేటు కడకు వచ్చెననుకొందము. తలుపు ప్రక్కన నిలిచియున్న ఒకడు, “రండి, టీ తీసుకోండి” అనెను. అంతకంటె ఏమియు అడుగలేదు. అతడు వెనుకవరుసలో తలుపునకు దగ్గరగా కూర్చుండెను. క్రొత్తవారందరును అచ్చటనే కూర్చుందురు.

కూటము కొంత మౌనముతో ఆరంభమగును. సంఘముయొక్క ఉద్దేశమును ఒకరు చదువుదురు. మార్చలేనిదానిని ఓర్చుకొను శాంతిని, మార్చగలదానిని మార్చు ధైర్యమును కోరు చిన్న ప్రార్థన యొకటి చేయుదురు. పిదప ఒక్కొక్కరే తన పేరు చెప్పి, తాను మద్యవ్యసనపీడితుడనని ఒప్పుకొని, తన సంగతి చెప్పును. ఇతరులు వినుటయే గాని నడుమ తగులరు. సలహా ఈయరు, వాదింపరు, “ఛీ” అనరు. మాటలాడ నిష్టములేనివాడు ఊరకుండవచ్చును. కొన్ని కూటములు వ్యసనపీడితులకు మాత్రమే. కొన్నింటికి కుటుంబమువారును, తెలిసికొనగోరువారును రావచ్చును. ఒకడు మాని సంవత్సరమైనచో అది అతని ‘పుట్టినరోజు’, చప్పట్లు కొట్టుదురు. అరువది యేండ్లవాడు తనకు మూడేండ్లని చెప్పుకొనుట అచ్చట పరిహాసము కాదు.

వినుచున్న గుమాస్తాకు ఆశ్చర్యము కలుగును. బీరువాలో మడతచీరల నడుమ సీసా దాచుట తనయొక్కని తెలివియే యనుకొనెను. స్కూటరు పెట్టెలో దాచినవాడు ముందువరుసలో నున్నాడు. బిడ్డ ఫీజు డబ్బు తాగి, దొంగలు కొట్టిరని చెప్పిన పాపము తనయొక్కనిదే యనుకొనెను. ప్రక్క కుర్చీలోనివాడు ఆ మాటనే చెప్పుచున్నాడు, చెప్పుచు ఏడ్చుచున్నాడు, ఏడ్చి, కన్నులు తుడుచుకొని, మానివేసి నాలుగేండ్లైనదని చెప్పుచున్నాడు. తన పాపము చేసినవాడు బ్రదికియున్నాడు, నవ్వుచున్నాడు, ఇంటికి పోయి భోజనము చేయును. ఈ ఒక్క దర్శనము వేయి ఉపన్యాసములకు సమానము.

జన్మాంతము మానవలెనని అచ్చట ఎవరును ఒట్టు పెట్టింపరు. ఒట్టు తీసి గట్టున పెట్టుట వారికి బాగుగా తెలియును. ఈ ఒక్కరోజు తాగకుండుము. రేపటి సంగతి రేపు చూతము అందురు. ఇల్లు చేరునపుడు క్రొత్తవాని జేబులో నాలుగు ఫోను నంబరులుండును. మద్యశాలకు పోవుటకు ముందు వారిలో ఒకరిని పిలువవలెనని ఏర్పాటు. పాతవారిలో ఒకరిని తన మార్గదర్శిగా ఎన్నుకొనవచ్చును. వారి సాధనక్రమమున పండ్రెండు మెట్లున్నవి. తన బలము చాలదని ఒప్పుకొనుట మొదటిది. తన తప్పులను లెక్క వ్రాసికొనుట, నష్టపడినవారికి ఆ నష్టమును చేతనైనంత తీర్చుట నడుమవి. ఇంకొక బాధితునికి చేయూతనిచ్చుట చివరిది. ఈ చివరి మెట్టు ఆక్రన్ నాటి మొదటి అనుభవమే.

ఆ మెట్లలో దైవప్రసక్తి కలదు. ఇది క్రైస్తవుల మతప్రచారమేమో యని కొందరు శంకింతురు. చర్చిగదిలో కూడుట చూచి ఆ శంక బలపడును. ఆ సంఘము క్రైస్తవ దేశమున పుట్టినమాట నిజమే. కాని ఎవనికి తోచిన దైవము వానిదనుట మొదటినుండియు వారి సూత్రము. దేవుని నమ్మనివాడు ఆ కూటమినే తనకంటె పెద్దశక్తిగా భావించుకొనవచ్చును. గన్‌ఫౌండ్రీకి ఇది క్రొత్తమాట కాదు. ఆ ఫిరంగుల రేమాన్‌నే హిందువులు మూసా రాముడనియు, ముస్లిములు మూసా రహీమనియు పిలుచుకొనిరి. ఒకే మనుష్యుని ఎవరి భాషలో వారు తమవానిగా చేసికొన్న నగరమున, ఒకే దైవమును ఎవరి పేరున వారు తలచుకొనుట విడ్డూరము కాదు.

శాసనము చేయగలిగినది

తాగుడుతో తెలుగునాటి పోరాటము పాతది. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పానదోషమును తమ సంఘసంస్కరణ బోధలో చేర్చిరి. కాళ్ళకూరి నారాయణరావుగారు ‘మధుసేవ’ నాటకము వ్రాసిరి. 1938లో రాజాజీ ప్రభుత్వము చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము నెలకొల్పెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. అక్షరాస్యత తరగతిలో చదివిన ఒక పాఠము వారికి ప్రేరకమైనది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. ఆ ఉద్యమపు ధాటికి 1993 అక్టోబరులో సారాయును, 1995లో సమస్త మద్యమును నిషిద్ధములైనవి. 1997లో సంపూర్ణ నిషేధము సడలిపోయినది. దొంగసారా, పొరుగు రాష్ట్రముల సీసాలు, ఖజానా కొరత ఇందుకు కారణములుగా చెప్పబడినవి.

ఆ స్త్రీల పోరాటము వ్యర్థమనుట కృతఘ్నత. కూలిడబ్బు ఇంటికి వచ్చిన దినములను వారు చూచిరి. కాని మహాభారతములోని మౌసలపర్వము మరియొక సత్యమును కూడ చెప్పుచున్నది. ద్వారకలో మద్యము చేయరాదని, చేసినచో కొరతవేయుదురని చాటింపు జరిగినది. ప్రజలు భయపడి మానిరి. తరువాత ప్రభాసతీర్థమున ఆ యాదవులే తాగి, ఒకరినొకరు చంపుకొని నశించిరి. శాసనము దుకాణమును మూయగలదు; దప్పికను మూయలేదు. దుకాణము వీథికి సంబంధించినది. దప్పిక ఒక్కొక్క మనుష్యునికి సంబంధించినది. వీథిపని దూబగుంట స్త్రీలు చేసిరి. ఆ రెండవ పనికి ఈ చిన్నగది కావలసివచ్చినది.

ఆ ఇల్లాండ్ర మాట ఈ సంఘచరిత్రలోను కలదు. భర్తలు లోపల కూటమి జరుపుకొనుచుండగా బయట వేచియున్న భార్యలకు తమ బాధయు ఒకటేయని తెలిసినది. 1951లో విల్సన్ భార్య లోయిస్ మరియొక ఇల్లాలితో కలిసి కుటుంబములవారికై ‘అల్ అనాన్’ అను వేరు సంఘమును స్థాపించెను. భర్త తాగుడునకు తాను కారణము కాదు, తాను దానిని నయముచేయను లేదు అను రెండు మాటలు అచ్చట భార్య నేర్చుకొనును. “నీవు సరిగా చూచుకొన్నచో వాడిట్లగునా?” అను అత్తగారి మాటను ఏండ్లతరబడి మోసిన ఇల్లాలికి ఆ రెండు మాటలు బరువు దించినట్లుండును. మద్రాసులో శాంతి రంగనాథన్ తన భర్తను ఈ వ్యసనమునకు పోగొట్టుకొని, 1980లో ఆయన పేరనే టి.టి. రంగనాథన్ చికిత్సా సంస్థను స్థాపించెను. తన యింటి దుఃఖమును దాచక దానినే ఇతరులకు ఆసరాగా మలచిన స్త్రీ ఆమె.

ఇక తాగు స్త్రీల సంగతి. వారికి గడప రెండింతలు ఎత్తు. పురుషుడు తాగిన వ్యసనమందురు; స్త్రీ తాగిన నడతకు ముడిపెట్టుదురు. సంఘపు గడప స్త్రీపురుషులిద్దరికిని ఒక్కటే. కాని అంతవరకు నడచివచ్చు వీథి ఇద్దరికిని ఒక్కటి కాదు.

వైద్యుని కడ ఆగవలసిన చోటు

ఒక హెచ్చరిక అవసరము. ఏండ్లతరబడి ప్రతిదినము తాగినవాడు ఉత్సాహముతో ఒక్కసారి మానుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. మానిన ఆరు గంటలు మొదలు రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ, మూడవ దినములలో మతిభ్రమణము, లేని వస్తువులు కనబడుట, జ్వరము, తీవ్రమైన వణకు కలుగవచ్చును. ఇది దయ్యము కాదు, భూతవైద్యుని పనియు కాదు. ఆసుపత్రిలో చికిత్స చేయదగిన స్థితి. థయమిన్ అను బి1 విటమిను లోపించినచో మెదడునకు శాశ్వతనష్టము కలుగును. నగరములోని కల్తీకల్లునకు అలవాటుపడినవారి సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. అందు క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్‌ప్రజోలాం వంటి మత్తుమందులు కలిపినట్లు పలుమారులు బయటపడినది. ఆ మందులు శరీరమునుండి దిగుటయు వైద్యుని కనుసన్నలనే జరుగవలెను.

కోరికను తగ్గించు మందులును నేడున్నవి. డైసల్ఫిరాము మద్యమును శరీరమునకు పడనీయదు. దానిని రోగికి తెలియకుండ చారులో కలిపి పెట్టుట కొన్ని ఇండ్లలో జరుగును. అది మిక్కిలి అపాయకరము. సంఘము వైద్యమునకు ప్రతిగా వచ్చినది కాదు. దేహమును ఒడ్డునకు చేర్చుట వైద్యుని వంతు. ఒడ్డుమీద నిలుపుట ఆ కుర్చీల వంతు.

నిలిచినవారెందరు?

ఈ పద్ధతి ఫలించునా? 2020లో కాక్రేన్ సంస్థవారు 27 పరిశోధనలను, 10,565 మంది అనుభవమును కలిపి పరిశీలించిరి. వైద్యులు క్రమపద్ధతిగా రోగిని ఈ సంఘములకు అలవాటుచేసినపుడు, ఒక సంవత్సరము గడచుసరికి పూర్తిగా మానియున్నవారు నూటికి 42 మంది. ఇతర మానసిక చికిత్సలు పొందినవారిలో 35 మంది. ఈ అంకెలో గర్వింపదగినదియు కలదు, తల వంచుకొనవలసినదియు కలదు. నూటికి 58 మంది మరల ముట్టిరి గదా!

కాని మరల ముట్టుట అనగా మునిగిపోవుట యని ఆ గదిలో ఎవరును అనుకొనరు. వైద్యుడు బాబ్ కూడ ఆరు గంటలు విని, కొన్ని వారములకు తాగి వచ్చినవాడే. బయట ఒకసారి తప్పినవానిని చూచి “చెప్పలేదా?” అందురు. అచ్చట తప్పి తిరిగివచ్చినవానికి కుర్చీ జరిపి టీ ఇత్తురు. తన లెక్క మరల ఒకటవ దినమునుండి మొదలు పెట్టుకొనును. సిగ్గు అతనిని మరల దుకాణమునకు నెట్టును. ఆ కుర్చీ నిలుపును. ఇంతకంటె రహస్యమేమియు లేదు.

మన గుమాస్తా ఆ సాయంకాలము ఇల్లు చేరెను. చేతిలో ఏదో పాతపుస్తకము కలదు, సాకునకై కొన్నది. భార్య దానిని చూడలేదు. దగ్గరకు వచ్చి వాసన చూచినది. టీ వాసన. ఆమె ఏమియు అనలేదు. ఇట్టి సాయంకాలములను ఆమె ఇదివరకును చూచి మోసపోయినది. మరునాడును టీ వాసనయే వచ్చిన చూతమని అన్నము వడ్డించినది. ఆమె అపనమ్మకము న్యాయమైనదే. దానిని తీర్చుటకు మాటలు చాలవు, దినములు కావలెను.

ఆ దినములు గడచి సంవత్సరమైనదే అనుకొందము. అప్పుడొక ఆదివారము గన్‌ఫౌండ్రీ పేటలో ఒక గది తలుపు తెరచి, కుర్చీలు సర్ది, టీ నీళ్లు పొయ్యిమీద పెట్టి అతడు గేటు కడ నిలుచును. వీథిలో ఎవడో ఒకడు గేటు దాటి పోవును, చివర ఆగును, వెనుదిరుగును. ఆ నడకను అతడు ఎరుగును. మూడవసారికి ఎదురుచూచుచు అచ్చటనే నిలిచియుండును.